నడుమ అయిదు అంకెలు

నగర్తపేట, బెంగళూరు
జనవరి 21, 1996

తమ్ముడు సుధీర్‌కు,

నీ కార్డు చేరింది. కాకపోతే నాకంటే ముందు మీ బావ చేతికి చేరింది. ఇకమీద ఇంటి చిరునామాకు రాయొద్దు. వీధి చివర పూలంగడి పాపక్క పేరిట రాయి, ఆమె పూలతో పాటు కవరు కూడా నా చేతికిస్తుంది. ఫోన్ కింద వర్క్‌షాపులో ఉంది. ఇత్తడికి మెరుగు పెట్టే రొదలో అరిచి మాట్లాడితే వీధంతా వింటుంది.

పోయిన ఉగాదికి నువ్వొచ్చి నా తరఫున బావతో గొడవపడ్డావు. అప్పటినుంచి నువ్వు ఈ గడప ఎక్కకూడదని హుకుం. జిగణి నుంచి ఇక్కడికి బస్సులో రెండు గంటలు. మనమేమో వేరే దేశాల్లో ఉన్నట్టు ఉత్తరాలు రాసుకుంటున్నాం.

ఈ ఇంటి ఆచారం నీకు సగమే తెలుసు, మిగతా సగం చెప్తాను. కాలం చేసిన మామగారూ ఆయన అన్న సొన్నప్పా వేరుపడినప్పుడు సీతారాముల విగ్రహాలు ఎవరింట్లో ఉండాలో తేలలేదట. మా అత్త కొత్త కోడలుగా వచ్చిననాటి, ముప్పై నాలుగేళ్ల కిందటి మాట. అప్పటినుంచి ప్రతి ఉగాదికీ రెండు పాచికలు వేస్తున్నారు. రెండూ తాతగారు పోతపోసిన ఇత్తడి పాచికలు. వాటి చుక్కలు కూడితే రెండు మొదలు పన్నెండు దాకా ఏదో ఒక అంకె వస్తుంది కదా, మొత్తం పదకొండు అంకెలు. సొన్నప్ప పెద్దమామ ఆ రోజు, "నడుమ అయిదూ నాకు చాలప్పా. ఈ కొస మూడు, ఆ కొస మూడు నా తమ్మునికి" అన్నాడట. అంటే అయిదు నుంచి తొమ్మిది లోపల ఏది పడినా స్వామి ఆ ఏడాదంతా పెద్దింట్లో. రెండు, మూడు, నాలుగు, పది, పదకొండు, పన్నెండు పడితే మా చిన్నింట్లో. తమ్ముడికి ఒక అంకె ఎక్కువిచ్చిన అన్న అని పేటంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడిన ఇంటికి పాచికల పెట్టె మిగులుతుంది.

నేను కాపురానికి వచ్చాక ఏడు ఉగాదులయ్యాయి. ఏడుసార్లూ మాకు పెట్టే మిగిలింది. ఆరు అంకెలున్న ఇంటికి రాని స్వామి అయిదు అంకెలున్న ఇంటికి వెళ్తున్నాడు. కారణం ఎవరా అని వెతికితే నేను దొరికాను. మొన్న శనివారం మా అత్త రత్నమ్మ అందరి ముందూ అనేసింది: "ఇది కాలు పెట్టినప్పట్నుంచి స్వామి మా గడప తొక్కలేదు. ఈ ఉగాదికీ రాకపోతే ఇది ములబాగలుకు, పుట్టింటికి పోతాది. చిన్ని ఈడే ఉంటాది." మీ బావ కంచంలోంచి తల ఎత్తలేదు.

చిన్నికి ఆరేళ్లు, సుధీర్. ఉగాది మార్చి ఇరవైన.

నీకు లెక్కలు వచ్చు. ఏదైనా చెప్పు. ఓదార్పు మాత్రం రాయొద్దు, అది పాపక్క దగ్గర కావలసినంత దొరుకుతోంది.

అక్క పద్మావతి


జిగణి
జనవరి 27, 1996

అక్కా,

ఓదార్పు రాయను. కోపం రాస్తే రెండు కవర్లు పడతాయి కాబట్టి అదీ రాయను.

లెక్క చెప్తాను. మీకు ఆరు, వాళ్లకు అయిదు. పోనీ సగం సగమే అనుకుందాం. ఒకసారి ఓడటం రెండింట ఒకటి. వరసగా రెండుసార్లు ఓడటం నాలుగింట ఒకటి. అలా రెట్టిస్తూ పో: ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. ఏడోసారికి నూట ఇరవై ఎనిమిదింట ఒకటి. అంత అరుదైనది మీ ఇంట్లోనే జరిగిందంటే నాకు పాచికల మీదే అనుమానం. పోతపోసేటప్పుడు లోపల గాలిబుడగ చిక్కుకుంటే ఒక పక్క తేలికవుతుంది. తేలిక పక్క పైకి తిరుగుతుంది. మా ఫ్యాక్టరీలో నేను రోజంతా చేసేది ఇలాంటి తప్పులు పట్టుకోవడమే.

పెట్టె మీ ఇంట్లోనే ఉంది కదా. రెండూ కలిపి అరవైసార్లు వెయ్యి. ఏ పాచికకు ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో గీతలు గీసి పంపు. మంచి పాచికైతే ఒక్కో ముఖం పదిసార్లకు కాస్త అటూ ఇటూగా పడాలి.

ఇక్కడ మెస్సులో సాంబారుకు బెల్లం వేస్తున్నారు. అది తప్ప నాకే కష్టమూ లేదు.

సుధీర్


నగర్తపేట
ఫిబ్రవరి 11, 1996

సుధీర్,

నువ్వు చెప్పడం తేలిక. ఆ పెట్టె కోడళ్లు ముట్టరాదు. నిన్న అత్త భజనకు వెళ్లిన సమయం చూసి దేవుడి గది తలుపు వేసుకుని, చప్పుడు కాకుండా దుప్పటి పరిచి వేశాను. యాభై తొమ్మిదోసారి వేస్తుండగా తలుపు తెరుచుకుంది. భజన లేదట, వెనక్కి వచ్చేసింది. పాచికలు నా ఒళ్లో, పెన్సిల్ చేతిలో.

"ఏం చేస్తుండావు?"

"ఉగాదికని తుడుస్తున్నాను అత్తా."

"తుడిచేదానికి కాగితం యాలమ్మా?"

కాగితం లాక్కుని చాలాసేపు చూసింది. చింపేస్తుందనుకున్నాను. మడిచి నా చేతికే ఇచ్చి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పినట్టు లేదు. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఆమె సంగతి నాకెప్పుడూ అర్థం కాదు. శ్రీరామనవమికి బిందెల కొద్దీ పానకం తనే కలుపుతుంది, వీధంతటికీ తనే పోస్తుంది, తను మాత్రం చుక్క ముట్టదు. అడిగితే మొక్కు అంటుంది.

మిగిలిన రెండుసార్లు ఇవాళ వేశాను. మొదటి పాచికకు ఒకటి తొమ్మిదిసార్లు, రెండు పదకొండు, మూడు పది, నాలుగు ఎనిమిది, అయిదు పన్నెండు, ఆరు పది. రెండోదానికి వరసగా పదకొండు, తొమ్మిది, ఎనిమిది, పన్నెండు, పది, పది.

త్వరగా రాయి.

అక్క


జిగణి
ఫిబ్రవరి 15, 1996

అక్కా,

ఓవర్‌టైం మధ్యలో ఈ నాలుగు ముక్కలు. పాచికలు నిక్కచ్చిగా ఉన్నాయి. వాటిలో ఏ దోషమూ లేదు. మరి ఏడుసార్లూ ఎందుకు ఓడారో నాకు అంతుపట్టడం లేదు. నిజంగానే మీ ఇంట్లో ఏదో ఉంది.

సుధీర్


నగర్తపేట
ఫిబ్రవరి 20, 1996

సుధీర్‌కు,

పాచికల్లో దోషం లేదు, ఇంట్లోనే ఏదో ఉంది. ఈ మాట మా అత్త ఏడేళ్లుగా చెబుతూనే ఉంది. దానికి లెక్కల మనిషి ఎందుకు? నువ్వు కూడా అనేశాక ఇక నాకు అడగడానికి ఎవరూ లేరు. చిన్ని బట్టలు ఏవి నాతో తీసుకెళ్లనిస్తారో కనుక్కుంటున్నాను.

జవాబు అక్కర్లేదు.

పద్మావతి


జిగణి
ఫిబ్రవరి 25, 1996

అక్కా,

నీ ఉత్తరం చదివి నా చెంపలు నేనే వాయించుకున్నాను. నేనన్నది నీ గురించి కాదు. అలసటలో చేతికొచ్చింది రాశాను. తప్పు నాదే, కానీ నన్ను తిట్టే ముందు ఇది చివరిదాకా చదువు. దొరికింది.

మా దగ్గర ఒక్కో బోల్టుకు రెండు వాషర్లు వేస్తాం. ఒక్కోటి కాస్త పలచనో మందమో ఉంటుంది. రెండూ కలిపి కొలిస్తే మాత్రం ఎక్కువసార్లు నడిమి కొలతే వస్తుంది. మరీ పలచగా రావాలంటే రెండూ పలచనివే దొరకాలి కదా. మూడేళ్లుగా రోజూ చూస్తున్నదే. నిన్న కొలుస్తూ కొలుస్తూ చేతిలోవి కింద పడేశాను.

పాచికలూ అంతే. రెండు పడాలంటే దారి ఒక్కటే, ఒకటీ ఒకటీ పడాలి. పన్నెండుకూ ఒక్కటే దారి. అదే ఏడు చూడు: ఒకటి-ఆరు, రెండు-అయిదు, మూడు-నాలుగు, నాలుగు-మూడు, అయిదు-రెండు, ఆరు-ఒకటి. ఆరు దారులు! మొదటి పాచిక ఆరు రకాలుగా పడుతుంది, ప్రతి రకానికీ రెండోది మళ్లీ ఆరు రకాలుగా. మొత్తం ముప్పై ఆరు దారులు. అందులో పెద్దింటి అయిదు అంకెలకు నాలుగు, అయిదు, ఆరు, అయిదు, నాలుగు. కూడితే ఇరవై నాలుగు. మీ ఆరు అంకెలకు ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. కూడితే పన్నెండు.

అందరూ అంకెలు లెక్కపెట్టారు, దారులు లెక్కపెట్టలేదు. నేనూ పెట్టలేదు. మీకు స్వామి రావలసిందే మూడేళ్లకు ఒకసారి. ఏడుసార్లు వరసగా రాకపోవడం నూట ఇరవై ఎనిమిదింట ఒకటి కాదు, పదిహేడింట ఒకటి. మీ పేటలో పదిహేడు ఇళ్లు ఇలాగే వేసుకుంటే ఒక ఇంటికి జరిగేదే. ఆ ఇంటి కోడలు ఎవరైనా సరే.

జవాబు రాయి. తిడుతూ అయినా రాయి.

సుధీర్


నగర్తపేట
మార్చి 3, 1996

సుధీర్,

తిట్లు తర్వాత. ముందు నా అనుమానం తీర్చు. మూడు-నాలుగూ నాలుగు-మూడూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టావు? నేను కందిపప్పు ఏరుతూ లెక్కేస్తే మొత్తం ఇరవై ఒక్క జతలే వచ్చాయి. వాటిలో వాళ్లవి పదమూడు, మావి ఎనిమిది. అలా చూసినా వాళ్లకే ఎక్కువ అనుకో. కానీ నీ లెక్క తప్పయితే నేను ఎవరి ముందూ నోరు విప్పలేను.

అక్క


జిగణి
మార్చి 7, 1996

అక్కా,

ఒక పాచికకు కుంకుమ పూశావనుకో. ఎర్రది మూడు, పూయనిది నాలుగు పడటం ఒకటి. ఎర్రది నాలుగు, పూయనిది మూడు పడటం ఇంకొకటి. కుంకుమ కడిగేసినంత మాత్రాన రెండూ ఒకటైపోవు, మనం తేడా చూడలేం, అంతే. మూడు-మూడు మాత్రం ఒక్క రకంగానే పడుతుంది. అందుకే ముప్పై ఆరు.

ఉగాదికి నేను వస్తున్నాను. ఈ కాగితం పట్టుకుని నడింట్లో నిలబడి, ముప్పై నాలుగేళ్లుగా మీరు చేసింది మోసం అని సొన్నప్ప మొహం మీదే చెప్తాను. బావ మెడపట్టి గెంటినా సరే.

సుధీర్


నగర్తపేట
మార్చి 12, 1996

సుధీర్,

నా మీద ఒట్టు, రాకు. మోసం అనే మాట నీ నోట వచ్చిందంటే అన్నదమ్ముల పిల్లలు తన్నుకుంటారు, చివరికి కొంపకు నిప్పు పెట్టింది నేనే అవుతాను. పైగా అది మోసం కాదు. ఆయన ఎనభై ఏళ్ల మనిషి. ఆ రోజు నిజంగానే తమ్ముడి మీద ప్రేమతో ఎక్కువ ఇస్తున్నాననుకున్నాడు.

నేను ఒకటి ఆలోచించాను. ఆయన ప్రేమను ఆయనకే తిరిగి ఇస్తాను. "ఇన్నేళ్లు మాకు ఆరు ఇచ్చినారు, ఇంక మీరు ఆరు తీసుకోండి పెద్దమామా, మాకు నడుమ అయిదు చాలు" అంటాను. కాదనడానికి ఎవరికీ కారణం దొరకదు.

అప్పుడు మూడింట రెండు పాళ్లు మావి. నాకు తెలుసు, మూడో పాలు కూడా ఉంది. అది పడితే చిన్ని లేకుండా ములబాగలు బస్సు ఎక్కాలి. నువ్వు రాకు.

అక్క


నగర్తపేట
మార్చి 21, 1996

సుధీర్,

ఒట్టు నిలబెట్టావు. ఏం జరిగిందో విను.

నేను ఆ మాట నడింట్లో అందరి ముందూ అన్నాను. కోడలు నోరు తెరవడమే తప్పు అక్కడ. సొన్నప్ప పెద్దమామ కళ్లు తుడుచుకుని, "నా తమ్ముడుంటే ఇదే అనేవాడమ్మా" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు సిగ్గేసింది, కానీ చిన్ని నా కొంగు పట్టుకుని ఉంది, సిగ్గును మింగేశాను.

పాచికలు ఆయనే వేశాడు. ఒకటి మూడు మీద ఆగింది. రెండోది దొర్లుకుంటూ దీపపు సెమ్మె వెనక్కి పోయింది. నా చోటు నుంచి కనబడదు. మూడుకు రెండు కలిసినా అయిదు, ఆరు కలిసినా తొమ్మిది. ఒకటి పడితే తప్ప మాదే. ఆరింట అయిదు. అంత మంచి లెక్క చేతిలో ఉండి కూడా, సుధీర్, ఆ ఒక్క చుక్క తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు.

అయిదు పడింది. ఎనిమిది. స్వామి మా ఇంటికొచ్చాడు.

అత్త నన్ను ఒక్క మాటా అనలేదు. మీ బావ మాత్రం సాయంత్రం మల్లెపూలు తెచ్చి, "నీ కాలు మంచిదే" అన్నాడు. విసిరికొట్టాలనిపించింది. పోయినప్పుడు నా కాలు, వచ్చినప్పుడూ నా కాలేనా? కానీ పెట్టుకున్నాను. చిన్ని నా పక్కనే నిద్రపోతోంది, నాకు అది చాలు.

అక్క


నగర్తపేట
ఏప్రిల్ 9, 1997

సుధీర్,

నిన్న ఉగాదికి ఆరు పడింది. మళ్లీ మాదే. నువ్వు సంతోషిస్తావు, కానీ ఈ ఉత్తరం సంతోషంతో రాయడం లేదు.

పెద్దింటి మనవడికి మాఘమాసంలో పెళ్లయింది గదా. ఆ పిల్ల పేరు భవ్య, ఇరవై ఏళ్లు ఉంటాయి. నిన్న పాచికలు పడ్డాక మెట్ల దగ్గర ఆమె అత్త అంటుంటే విన్నాను: "ఇదొచ్చిన మొదటి ఉగాదికే స్వామి ముఖం తిప్పుకున్నాడు. నవమికి పానకం బిందె ముట్టొద్దు, సుమ్నే, ఊరక ఒక మూల కూర్చో." ఆ పిల్ల తల వంచుకుని తన పాదాల వంక చూసుకుంటోంది. నేను ఏడేళ్లు అలాగే చూసుకున్నాను.

ఆ అంకెలు వాళ్లకు అంటగట్టింది నేను. తెలిసి అంటగట్టాను. ఇక వాళ్లకు స్వామి మూడేళ్లకు ఒకసారే వస్తాడు. ఆ పిల్ల ఎన్నేళ్లు తల వంచుకోవాలి? నవమి పదహారున, మా ఇంట్లోనే. ఆ రోజు చెప్పేద్దామనుకుంటున్నాను.

అక్క


జిగణి
ఏప్రిల్ 12, 1997

అక్కా,

వద్దు. పోయిన ఏడాది చెబుదామన్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. అప్పుడు చెప్పి ఉంటే నువ్వు నష్టపోయిన దానివి. ఇప్పుడు చెబితే దేవుడి ముందు తెలిసి దొంగాట ఆడిన దానివి. బావ ఊరుకుంటాడా? నీ అత్తకు ములబాగలు మాట మళ్లీ గుర్తు రావడానికి ఎంతసేపు? చిన్నిని తలుచుకో. ఆ భవ్య ఎవరో నాకు తెలియదు, నువ్వు నా అక్కవి.

కాళ్లు పట్టుకుంటాను, నోరు విప్పకు.

సుధీర్


నగర్తపేట
ఏప్రిల్ 17, 1997

తమ్ముడు సుధీర్‌కు,

నీ ఉత్తరం పాపక్క నిన్న పొద్దున ఇచ్చింది. దాన్ని మడిచి నడుముకు దోపుకుని ముగ్గుపిండి తీసుకున్నాను.

స్వామి ముందు నడింట్లో ఆరు వరసలు, వరసకు ఆరు గడులు వేశాను. ఒక పక్కన ఒకటి నుంచి ఆరు దాకా చుక్కలు, పైనా అలాగే. మూల కూర్చున్న భవ్యను పిలిచి పసుపు, కుంకుమ చేతికిచ్చాను. పక్క చుక్కలు, పై చుక్కలు కూడి, అయిదు నుంచి తొమ్మిది దాకా వచ్చిన గడిలో పసుపు, మిగతా వాటిలో కుంకుమ పెట్టమన్నాను. ఆ పిల్ల చకచకా నింపింది. పీయూసీ చదివిందట. కొత్తరకం ముగ్గేమోనని అందరూ చుట్టూ చేరారు.

అప్పుడు చెప్పాను. పసుపు ఇరవై నాలుగు, కుంకుమ పన్నెండు. ముప్పై నాలుగేళ్లు చిన్నిల్లు కుంకుమలో ఉంది, నిరుటి నుంచి పెద్దిల్లు కుంకుమలో ఉంది. ఏ కోడలి కాలికీ దీంతో సంబంధం లేదు.

మీ బావ మొహం ఎర్రబడింది. "పోయినేడు తెలిసే మార్చినావా?" అని అడిగాడు.

"తెలిసే మార్చినాను. చిన్నిని వదిలి పోలేక మార్చినాను."

సొన్నప్ప పెద్దమామ ఆ గడుల వంక చూశాడు. "తమ్మునికి ఎక్కువ ఇచ్చినానని ఇన్నేండ్లు చెప్పుకుంటిని కదమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడుపు చూసి నాకూ ఆగలేదు. అటు పెద్దింటివాళ్లు గొంతులు పెంచారు, ఇటు మీ బావ నా వైపు ఒక అడుగు వేశాడు. ఇక అయిపోయింది అనుకున్నాను, సుధీర్. నడుముకు ఉన్న నీ ఉత్తరాన్ని చేత్తో తడుముకున్నాను.

ఆ గోలలోనే భవ్య మెల్లగా, "సరి, బేసి పెట్టుకుంటే? సరి గడులు పద్దెనిమిది, బేసి గడులు పద్దెనిమిది ఉండాయి" అంది. ఎవరూ పట్టించుకోలేదు, ఒక్క మా అత్త తప్ప. జనాన్ని తోసుకుంటూ వచ్చి ముగ్గు పక్కన కూలబడింది. కుంకుమ గడులను వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. పన్నెండు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అరుపులు వాటంతట అవే తగ్గిపోయాయి.

"నేనొచ్చిన కొత్తల్లో అయిదేండ్లు వరసగా రాలేదు" అంది, ఎవరి వైపూ చూడకుండా. "మా అత్త నన్ను ఈ మూలలోనే కూర్చోబెట్టింది. నా పాపం పోయేదాకా పానకం ముట్టనని మొక్కుకుంటిని."

తర్వాత ఎర్రటి వేలు గడి మీదే ఉంచి తలెత్తింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది.

"పద్మావతీ, అయితే నాది కూడా తప్పు కాదా?"

"కాదత్తా" అన్నాను.

భవ్య లేచి వెళ్లి, ముట్టొద్దన్న బిందెలోంచి లోటా నిండా పానకం ముంచి తెచ్చింది. అత్త రెండు చేతులా పట్టుకుని తాగింది.

వచ్చే ఆదివారం భోజనానికి రా. అత్త రమ్మంది.

అక్క